మచ్చలు తగ్గాక కూడా పరీక్షలకు వెళ్లాలా?

సోరియాసిస్ మచ్చలు తగ్గి చర్మం మామూలుగా ఉన్న నెలల్లో కూడా డాక్టరును కలవాలా, కలిస్తే ఎన్నాళ్లకొకసారి అని మీరు అడిగారు. తప్పకుండా కలవాలి. పదమూడేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నవాడిగా చెబుతున్నాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. మోచేతుల మీద, తలలో పొట్టు రాలినన్నాళ్లు ఆసుపత్రికి తిరగడం, తగ్గగానే మానేయడం నాకు అలవాటుగా ఉండేది. అలా మానేసిన ఏడాదిన్నరలోనే పొద్దున లేచేసరికి వేళ్లు పట్టేసి నీళ్ల చెంబు కూడా ఎత్తలేని స్థితి వచ్చింది. గంట గడిస్తే గాని అవి వదిలేవి కావు. మా ప్రాంతంలో కీళ్ల నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్లే కారణమని అనుకుంటాం కనుక ఇంట్లో అందరం అదే నమ్మాం. చివరికి ఒక చర్మవైద్యురాలు నా చేతిని కిటికీ వెలుతురులో పెట్టి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టున్న సన్నని గుంటలను, మొత్తంగా ఉబ్బిన చూపుడు వేలిని చూసి, ఇది సోరియాసిస్ వల్ల వచ్చే కీళ్లవాతమని చెప్పి కీళ్ల వైద్యుడి వద్దకు పంపారు. ఆ వేలు నేటికీ పూర్తిగా ముడుచుకోదు.

అందుకే నా పరీక్షల తేదీలను ఇప్పుడు చర్మాన్ని బట్టి కాక క్యాలెండరును బట్టి పెట్టుకున్నాను. ఈ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ అనే మాత్ర మొదలుపెట్టినప్పుడు కొన్ని వారాలకొకసారి, మోతాదు కుదిరాక మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకుంటున్నాను. ఈ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి చీటీ మీద ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు రాయించుకోండి. వేరే జబ్బుకు ఏ డాక్టరు మందు రాసినా ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి. పైపూతలతోనే సరిపోతున్నవారికి ఇంత తరచుగా అవసరం ఉండదు గాని, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బరువు ఏడాదికొకసారైనా చూపించుకోవాలి, ఎందుకంటే ఈ జబ్బులో ఒంట్లో కలిగే వాపు చర్మంతో ఆగదు, గుండెకూ ముప్పు పెంచుతుంది. మచ్చలు ఎక్కువైన రోజున ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. అపాయింట్‌మెంట్ నాటికి అవి తగ్గిపోవచ్చు.

త్వరగా తగ్గుతుందని ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు మాత్రం ఒప్పుకోవద్దు, దాని ప్రభావం తగ్గాక జబ్బు మునుపటికన్నా ఉధృతంగా తిరగబెట్టవచ్చు. పొద్దున కీళ్లు అరగంటకు పైగా పట్టేసినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, జ్వరంతో ఒళ్లంతా చీము పొక్కులు లేచినా, తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.