చలిలో, తడిలో గినీ పిగ్స్‌ని పెరట్లోకి వదలొచ్చా?

చలిదేశానికి కొత్తగా వచ్చి, పిల్లల పోరు పడలేక గినీ పిగ్స్‌ని పెంచుకుంటున్నవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. "పాపం రోజంతా కేజ్‌లోనే ఉంటున్నాయి. వాన వెలిసింది కదా, కాసేపు పెరట్లో గడ్డి మేయనివ్వొచ్చా?" అని. చలీ తడీ కలిసిన రోజైతే వద్దండీ. ఐదు నిమిషాలకైనా వద్దు.

వీటి పూర్వీకులది ఆండీస్ కొండల ప్రాంతం కాబట్టి చలికి ఓర్చుకుంటాయని కొందరంటారు. అడవి జాతులకి దాక్కోవడానికి రాళ్ళ సందులు, వేరే జంతువులు తవ్విన బొరియలు ఉంటాయి. మన పెరట్లో ఏముంటాయి? పైగా ఇవి వేల ఏళ్ళుగా మనుషుల దగ్గర పెరుగుతున్న జాతి. వీటికి హాయిగా ఉండేది సుమారు 18 నుంచి 23 డిగ్రీల మధ్య. 15 కంటే తగ్గితే ఇంట్లోనే ఉంచడం మేలు.

నన్నడిగితే చలికంటే తడితోనే ఎక్కువ ప్రమాదం. బొచ్చు దట్టంగా కనిపిస్తుంది కానీ నీళ్ళని ఆపదు. కాళ్ళు పొట్టివి కావడంతో తడిగడ్డిలో నాలుగడుగులు వేసేసరికి పొట్ట కింద జుట్టంతా తడిసిపోతుంది. వీపు మాత్రం పొడిగానే ఉంటుంది కాబట్టి పైనుంచి చూసే మనకి తెలియదు. కిలో అటూ ఇటూ బరువుండే ప్రాణి, ఒంట్లో వేడి ఇట్టే పోతుంది. అలా నీరసించినప్పుడే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. న్యుమోనియా వీటికి ప్రాణాంతకం. రోజూ తడిలో తిరిగితే పాదాల కింద పుళ్ళు కూడా పడతాయి.

"పక్కింటివాళ్ళవి ఏడాదంతా బయటే ఉంటాయి కదా" అని మీకు అనిపించొచ్చు. బయటే పెంచేవాళ్ళు ఎండాకాలం నుంచే అలవాటు చేస్తారు. నేలకి ఎత్తుగా, వాన జల్లు కొట్టని గూడు, లోపల అవి దూరిపోయేంత ఎండుగడ్డి, వెచ్చగా ఒరుసుకుని పడుకోవడానికి తోడు, ఇవన్నీ ఏర్పాటు చేస్తారు. అలా చేసినా గడ్డకట్టే చలి వస్తే లోపలికి తేవాల్సిందే. మీవి హీటర్ నడిచే గదిలో 21 డిగ్రీల్లో ఉంటున్నాయి. వాటిని ఒక్కసారిగా 7 డిగ్రీల్లోకి దింపితే ఒళ్ళు తట్టుకోదు. గరాజ్‌లో పెడదామా అంటే, కారు పెట్టే గరాజైతే అసలు వద్దు. ఆ పొగ వాటి ప్రాణం మీదికి తెస్తుంది.

మరి ఎప్పుడు వదలొచ్చు? 15 డిగ్రీలు దాటి, గాలి లేకుండా, ఎండ వచ్చిన మధ్యాహ్నం. వదిలేముందు మీరే గడ్డి మీద ఒక నిమిషం మోకాలు ఆనించి కూర్చోండి. ప్యాంటుకి చెమ్మ తగిలితే ఆ రోజుకి మానేయండి. పైన ఎండ కాస్తున్నా మొదళ్ళలో మంచు తడి చాలాసేపు ఉంటుంది.

వాటిని బయటికి తీసుకెళ్ళలేని రోజున గడ్డినే లోపలికి తెండి. చేత్తో కోసి, నీళ్ళు దులిపి, ఆరాక కొద్దికొద్దిగా పెట్టండి. లాన్ మూవర్ కోసి పోసిన కుప్ప మాత్రం పెట్టకూడదు, అది త్వరగా పులుస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. మందు కొట్టిన చోట, కుక్కలు తిరిగే చోట కోయకండి. గదిలో ఒక మూల దుప్పటి పరిచి, అట్టపెట్టెలకి రెండువైపులా కన్నాలు కోసి పెడితే చాలు, ఎండుగడ్డిలో దూరుతూ, గెంతుతూ ఆడుకుంటాయి. కరెంటు వైర్లు మాత్రం అందకుండా చూడండి, కొరికేస్తాయి.

ఒకవేళ తడిస్తే టెన్షన్ పడకుండా పొడి టవల్‌తో అద్దుతూ తుడవండి. పొట్ట కింద జుట్టుని వేళ్ళతో పాయలు తీసి, చర్మం దాకా ఆరిందో లేదో చూడండి. వేడినీళ్ళ సీసాకి టవల్ చుట్టి పక్కన పెట్టొచ్చు, కానీ వేడెక్కువైతే అవి దూరం జరగడానికి చోటుండాలి.

ఆ తర్వాత రెండు మూడు రోజులు గమనించండి. ఈ జీవులు జబ్బుని దాచుకుంటాయి, బయటపడేసరికి ముదిరిపోయి ఉంటుంది. మొహం శుభ్రం చేసుకునేటప్పుడు కంట్లోంచి పాలలాంటి ద్రవం రావడం మామూలే. కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర పుసి కట్టినా, ఊపిరి తీస్తుంటే టిక్ టిక్‌మని శబ్దం వచ్చినా, ఒళ్ళు ముడుచుకుని బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చున్నా మామూలు కాదు. వారానికోసారి కిచెన్ తూకం మీద బరువు చూడండి. మేత ముట్టకపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఒక్కరోజు పస్తుంటేనే వీటి పేగులు పనిచేయడం ఆగిపోవచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట. మనలో చాలామంది సూట్‌కేసులో అమాక్సిసిల్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు తెచ్చుకుంటాం. అవి గినీ పిగ్స్‌కి చుక్క కూడా పట్టకండి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, జబ్బుకంటే ముందు ఆ మందే చంపేస్తుంది. కుక్కలూ పిల్లులూ చూసే ప్రతి వెట్‌కీ వీటి వైద్యం తెలియదు. గినీ పిగ్స్, కుందేళ్ళ లాంటి చిన్న జంతువుల్ని చూసే డాక్టర్ దగ్గర్లో ఎవరున్నారో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రిపూట అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్ళాలో కూడా అప్పుడే అడగండి.