పాత లగ్జరీ ఈవీ కొనే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2021లో కొన్న నెక్సాన్‌ ఈవీ ఉంది, 30.2 యూనిట్ల బ్యాటరీ. వారానికి రెండుసార్లు హైదరాబాద్‌ పోయి రావాలి. తిరిగి బయల్దేరే ముందు అక్కడ చార్జింగ్‌ పెట్టక తప్పడం లేదు. హైదరాబాద్‌లో ఒక డీలర్‌ దగ్గర 2021 నవంబర్‌లో రిజిస్టర్‌ అయిన ఆడి ఈ-ట్రాన్‌ 55 అమ్మకానికి ఉంది. 42 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తప్పుడు కోటి దాటిన బండిని సగం కన్నా తక్కువకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఏమేం చూసుకోవాలి?

జవాబు: దూరం వరకైతే ఈ బండి మీకు సరిపోతుంది. మిర్యాలగూడ నుంచి పోయిరావడం సుమారు 290 కిలోమీటర్లు. నెక్సాన్‌ కిలోమీటరుకు 130 వాట్‌ అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్‌) తాగినా 38 యూనిట్లు కావాలి. బ్యాటరీలో ఉన్నవి 30. ఈ-ట్రాన్‌ రెండున్నర టన్నుల బండి, కిలోమీటరుకు 240 దాకా తాగుతుంది. అంటే దాదాపు 70 యూనిట్లు. దాని 95 యూనిట్ల బ్యాటరీలో నడపడానికి దొరికేవి 86.5. మామూలు రోజుల్లో 19 శాతం మిగుల్చుకుని ఇల్లు చేరతారు. మే నెలలో ఏసీ గట్టిగా పెట్టి, నార్కట్‌పల్లి దాటాక నూరు కిలోమీటర్ల వేగంతో పోతే మిగిలేది పది శాతమే. అదీ బ్యాటరీ ఇంకా కొత్తదానిలా ఉంటేనే.

ధర సగానికి ఎందుకు పడిందో ముందు తెలుసుకోండి. బండి పాడై కాదు. మామూలు వారంటీ అయిపోయింది, 2023లో ఇంకా పెద్ద బ్యాటరీతో క్యూ8 ఈ-ట్రాన్‌ వచ్చింది, విడిభాగాలు మాత్రం ఇప్పటికీ కోటి రూపాయల కారు ధరల్లోనే ఉన్నాయి. ఆ రిస్కు మొదటి ఓనర్‌ నుంచి మీ మీదికి వస్తోంది కాబట్టే ధర తగ్గింది. మీరు డబ్బు పెట్టాల్సింది మిగిలిన బ్యాటరీ వారంటీని చూసి.

అది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కాలం లెక్కలో ఈ బండికి 2029 నవంబర్‌ దాకా ఉంది. కిలోమీటర్ల లెక్కలో మిగిలింది 1,18,000. మీ తిరుగుడు ఏడాదికి 30 వేలు దాటుతుంది కాబట్టి అది నాలుగేళ్లు రాదు. కంపెనీ సర్వీస్‌ సెంటర్‌లో ఛాసిస్‌ నంబర్‌ ఇచ్చి మూడు సంగతులు అడగండి: బ్యాటరీ వారంటీ అమల్లో ఉందా, పెండింగ్‌ రీకాల్స్‌ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఉన్నాయా, సర్వీసుల మధ్య ఖాళీలు ఉన్నాయా. డీలర్‌ నోటి మాట చాలదు, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

ఇక బ్యాటరీ. డ్యాష్‌బోర్డు మీద కనిపించే రేంజ్‌ అంకెను నమ్మకండి, అది నిన్నమొన్న నడిపినవాడి కాలు చెప్పే లెక్క. బండిని 20 శాతానికి దించి, రాత్రంతా ఇంట్లో పెట్టుకునే నెమ్మది రకం (ఏసీ కరెంటు) చార్జర్‌ మీద నూరుకు ఎక్కించి, చార్జర్‌ ఎన్ని యూనిట్లు ఇచ్చిందో రాసుకోండి. 74 యూనిట్లు చూపిందనుకుందాం. దారిలో పది శాతం దాకా వేడిగా పోతుంది కనుక బ్యాటరీలోకి చేరింది సుమారు 66.6. అది 80 శాతానికి లెక్క. 66.6ను 0.8తో భాగిస్తే 83.2. దాన్ని 86.5తో పోల్చితే 96 శాతం ఆరోగ్యం. ఈ పద్ధతిలో మూడు నాలుగు శాతం అటూఇటూ తేడా ఉంటుంది, అయినా 95కీ 82కీ మధ్య తేడా దాక్కోదు. 85 కన్నా తక్కువ వస్తే ఆ బండి మీ 290 కిలోమీటర్లకు పనికిరాదు. వారంటీ సాధారణంగా 70 శాతం కిందికి పడితేనే వర్తిస్తుంది కాబట్టి 82 మీద ఉన్న బ్యాటరీకి కంపెనీ ఏమీ చేయదు. డీలర్‌ ఒక రాత్రి చార్జింగ్‌ పెట్టనివ్వనంటే ఇంకో బండి చూసుకోండి.

బ్యాటరీ తర్వాత జేబుకు చిల్లు పెట్టేది ఎయిర్‌ సస్పెన్షన్‌. ఈ బండిలో ఇనుప స్ప్రింగులుండవు, రబ్బరు గాలి తిత్తులుంటాయి. మన ఎండలకు రబ్బరు బీటలు వారుతుంది. సాయంత్రం చదునైన నేల మీద నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమి బొడిపె నుంచి పైన ఫెండర్‌ (మడ్‌గార్డు) అంచు దాకా టేపుతో కొలవండి. పొద్దున స్టార్ట్‌ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల మాత్రమే సెంటీమీటరు, ఆపైన దిగితే అక్కడ లీకు ఉన్నట్టే. స్టార్ట్‌ చేసిన ప్రతిసారీ కంప్రెసర్‌ చాలాసేపు గుర్‌మంటున్నా అదే అనుమానం. లీకున్న తిత్తిని అలాగే వదిలేస్తే కంప్రెసర్‌ అరిగిపోయి రెండు ఖర్చులవుతాయి. ఇంకో మాట: పంక్చర్‌కు జాకీ పెట్టేముందు తెర మీద జాక్‌ మోడ్‌ ఆన్‌ చేయాలని మీ డ్రైవర్‌కు చెప్పి ఉంచండి.

లిఫ్ట్‌ మీద ఎత్తించి అడుగు భాగం చూడకుండా అడ్వాన్స్‌ ఇవ్వకండి. బ్యాటరీ నేల పొడవునా పరచి ఉంటుంది. మన ఊళ్ల స్పీడ్‌ బ్రేకర్లు ఎవరి కొలతకు వాళ్లు పోసుకున్నవే కదా. అడుగున రక్షణ పలకకు గీతలుంటే పర్వాలేదు. సొట్ట ఉంటే, బోల్టులు కొత్తగా మెరుస్తుంటే, కూలెంట్‌ మరక కనిపిస్తే సర్వీస్‌ సెంటర్‌ చేత ఇన్సులేషన్‌ (కరెంటు లీకు) పరీక్ష చేయించండి. బండి వరద నీళ్లలో మునిగిందో కాదో కూడా అప్పుడే తేలాలి. 2023 డిసెంబర్‌లో చెన్నైలో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో కార్లు చాలా మునిగాయి. సీట్‌ బెల్ట్‌ను చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత దొరుకుతుంది. డీలర్లు కార్పెట్‌ కడుగుతారు గానీ, బెల్ట్‌ చివర జోలికి అంతగా పోరు.

టైర్లకు సైజు ఒక్కటే చూస్తే చాలదు. పక్కన 109 అని ఉంటే ఒక్కో టైరు 1,030 కిలోలు మోస్తుందని అర్థం. అంతకు తక్కువ అంకె ఉన్నది, చవగ్గా దొరికిందని వేయించొద్దు. ఇంత పెద్ద సైజు మిర్యాలగూడలో స్టాక్‌ దొరకడం కష్టం, హైదరాబాద్‌ నుంచి తెప్పించుకోవడానికి సిద్ధంగా ఉండండి.

కరెంటు బిల్లు కూడా ముందే లెక్క వేసుకోండి. ఒక్క ట్రిప్పుకు 70 యూనిట్లంటే నష్టంతో కలిపి మీటర్లో 78. నెలకు ఎనిమిది, తొమ్మిది ట్రిప్పులు కాబట్టి 670 యూనిట్ల పైచిలుకు. ఇంటి వాడకంతో కలిపితే బిల్లు పై స్లాబులకు ఎక్కేస్తుంది. ఈవీ చార్జింగ్‌కు టారిఫ్‌లో విడి కేటగిరీ ఉంది, మీ ఇంటికి ఆ మీటరు ఇస్తారా అని మీ కరెంటు ఆఫీసు సెక్షన్‌ ఏఈని (అసిస్టెంట్‌ ఇంజినీర్‌ను) అడగండి. డాబా ఖాళీగా ఉంటే 5 కిలోవాట్ల సోలార్‌ నెలకు దాదాపు 600 యూనిట్లు ఇస్తుంది. పీఎం సూర్యఘర్‌ కింద 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఉంటాం. నెక్సాన్‌ తీసేసి పాత మెర్సిడెస్‌ ఈక్యూసీ తీసుకున్నాం. పాత కారుకు బిగించిన 7.2 కిలోవాట్ల వాల్‌ బాక్స్‌ (గోడ చార్జర్‌) పనికొస్తుందన్నారు. ప్లగ్గు పడుతోంది గానీ కొన్ని రాత్రులు మధ్యలో ఆగిపోయి ఎర్త్‌ లోపం అని చూపిస్తోంది. నెక్సాన్‌తో ఈ బాధ లేదు. మా ఎలక్ట్రీషియన్‌ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న వైరు కలిపితే సరిపోతుందంటున్నాడు.

జవాబు: ఆ వైరు కలపనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్‌ తెగితే ఆ వైరు గుండా కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. బయట తడి నేల మీద నిలబడి డోరు పట్టుకున్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

వాల్‌ బాక్స్‌ది లోపం కాకపోవచ్చు. రెండు కార్లకూ టైప్‌ 2 ప్లగ్గే, కాబట్టి జోడీ సరైనదే. తేడా ఎక్కడంటే, కొన్ని కార్లు ఎర్త్‌ ఏమాత్రం బలహీనపడినా చార్జింగ్‌ ఆపేస్తాయి. మీ ఎర్త్‌ మొదటి నుంచీ అంతంతమాత్రంగానే ఉండి ఉంటుంది, పాత కారు సర్దుకుపోయింది. పాలమూరు రాతి నేలలో ఎర్త్‌ గుంత ఎండాకాలం ఎండిపోతే నిరోధం బాగా పెరిగిపోతుంది. ఎర్త్‌ టెస్టర్‌తో కొలిపించండి, 5 ఓమ్‌ల లోపు ఉండాలి. లేకుంటే 3 మీటర్ల జీఐ పైపుతో, చుట్టూ బెంటోనైట్‌ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) మిశ్రమం నింపి చార్జర్‌కు విడిగా కొత్త గుంత వేయించండి. ఒక గుంతతో దిగకపోతే మూడు మీటర్ల దూరంలో రెండోది వేసి రెండింటినీ కలపాలి.

తర్వాత చార్జింగ్‌ నడుస్తుండగానే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూడమనండి. రెండు మూడు వోల్టుల కన్నా ఎక్కువుంటే న్యూట్రల్‌ ఎక్కడో వదులైంది. 32 ఆంపియర్లు ఏడెనిమిది గంటలు ఆగకుండా పోవడం ఇంట్లో మరే సామానుకూ ఉండదు, వదులు స్క్రూ అక్కడే కాలుతుంది. గంట చార్జింగ్‌ అయ్యాక ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్‌) ముందుభాగం మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఆనలేనంత వేడి ఉంటే చార్జింగ్‌ ఆపి టెర్మినల్‌ బిగించాలి. మీటరు నుంచి చార్జర్‌కు రాగి తీగ 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, దూరం 20 మీటర్లు దాటితే 10 వేయించండి. 40 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్‌) ఈ లైన్‌కు ప్రత్యేకంగా ఉండాలి. సర్వీస్‌ వైరు అల్యూమినియం అయితే ఆ జాయింటుకు బైమెటాలిక్‌ లగ్గు (రాగినీ అల్యూమినియాన్నీ కలిపే కొస) తప్పనిసరి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఆగుతుంటే అది సాయంత్రం లో-వోల్టేజీ కావచ్చు. చార్జింగ్‌ రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా కారులో టైమర్‌ పెట్టండి, కరెంటు 24 ఆంపియర్లకు తగ్గించండి.

ప్రశ్న: వనపర్తి నుంచి. మహారాష్ట్ర నంబర్‌ వోల్వో ఎక్స్‌సీ40 రీచార్జ్‌ తక్కువకు వస్తోంది. తెలంగాణలో ఈవీలకు పన్ను లేదు కదా, తెచ్చుకోవచ్చా? డీలర్‌ మొత్తం ధర మీద 18 శాతం జీఎస్టీ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: తెలంగాణలో 2024 నవంబర్‌ 18 నుంచి 2026 డిసెంబర్‌ 31 వరకు ఈవీలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్‌ ఫీజు పూర్తిగా మినహాయించారు. కానీ అది ఇక్కడ కొని ఇక్కడే రిజిస్టర్‌ చేసే బండ్లను ఉద్దేశించింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చే పాత బండికీ వర్తిస్తుందని మీకు మీరే అనుకోవద్దు. అడ్వాన్స్‌ ఇవ్వకముందే ఆర్‌సీ కాపీతో వనపర్తి రవాణా కార్యాలయంలో లైఫ్‌ ట్యాక్స్‌ ఎంతవుతుందో అడగండి. ఫారం 28 ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), పేరు మార్పుకు ఫారం 29, 30, లోన్‌ ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

జీఎస్టీ సంగతి తప్పు చెప్పారు. డీలర్‌ అమ్మినప్పుడు 18 శాతం అతని లాభం మీదే. 40 లక్షలకు కొని 43కు అమ్మితే 3 లక్షల మీద 54,000. ఓనర్‌ దగ్గర నేరుగా కొంటే మామూలుగా అదీ ఉండదు. 10 లక్షలు దాటిన బండికి డీలర్‌ వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ (అమ్మేవాడు ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) వేరు. అది మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

ప్రశ్న: నల్లగొండ. నెక్సాన్‌ అమ్మి పాత బీఎండబ్ల్యూ ఐ4 తీసుకుంటున్నాను. ఇన్సూరెన్స్‌ సంగతి చెప్పండి.

జవాబు: నో క్లెయిమ్‌ బోనస్‌ బండిది కాదు, మీది. నెక్సాన్‌ అమ్మగానే మీ ఇన్సూరెన్స్‌ కంపెనీ దగ్గర ఆ బోనస్‌ (ఎన్‌సీబీ) సర్టిఫికెట్‌ తీసుకోండి, మూడేళ్లు చెల్లుతుంది. ఐదేళ్లు క్లెయిమ్‌ లేకుంటే ఓన్‌ డ్యామేజ్‌ (మీ బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. ఖరీదైన కారు మీద అది పెద్ద మొత్తమే, చాలామంది మరిచిపోయి పోగొట్టుకుంటారు. ఐ4కు పాత ఓనర్‌ పాలసీ ఉంటే 14 రోజుల్లో మీ పేరుకు మార్పించాలి. జీరో డిప్రిసియేషన్‌తో (భాగాల అరుగుదల కోసం క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్‌) పాటు బ్యాటరీ కవర్‌ అడగండి, అడుగు తగిలి నీళ్లు చేరితే వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చదవండి. రోడ్‌సైడ్‌ అసిస్టెన్స్‌ నల్లగొండ దాకా వస్తుందా, ఫ్లాట్‌బెడ్‌ పంపుతారా అన్నదీ అడగండి. చక్రాలు నేల మీద ఉంచి లాక్కెళితే మోటారు దెబ్బతింటుంది.

తాళాలు తీసుకునే రోజు పాత ఓనర్‌ యాప్‌ నుంచి బండిని తొలగించాడా చూడండి, లేకుంటే బండి ఎక్కడుందో అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది, డోర్లూ తెరవగలడు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇది చచ్చిపోతే రిమోట్‌తో డోరు కూడా తెరుచుకోదు. మూడు నాలుగేళ్లు దాటి ఉంటే కొనేటప్పుడే మార్పించి, కొత్తదాన్ని కారు కంప్యూటర్‌లో నమోదు చేయించండి.