గీతలు చెరిపినా రంగు మారదు: భిన్నాల పాఠం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన భిన్నాల పాఠం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మొదటి పేజీలోనే "లవాన్నీ హారాన్నీ గ.సా.భా.తో భాగిస్తే సూక్ష్మ రూపం వస్తుంది" అని రాసేశావు. గ.సా.భా. అంటే గరిష్ఠ సామాన్య భాజకం, రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య. నీ మాటలో తప్పేమీ లేదు. చిక్కల్లా అది భిన్నాలు ముందే తెలిసినవాళ్లకు తప్ప అర్థం కాదు, వాళ్లకేమో నీ పాఠంతో పని లేదు.

హారంతో మొదలుపెట్టు. మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో హారం చెబుతుంది, వాటిలో ఎన్ని తీసుకున్నామో లవం చెబుతుంది. 'సమాన' అన్నచోట కాసేపు ఆగు. ఎక్కువతక్కువలుగా మూడు ముక్కలు చేసిన బొమ్మ ఒకటి వేసి, అందులో ఒక ముక్క 1/3 అవుతుందా అని అడుగు. చాలామంది అవుననే అంటారు. అలాగే 8 పెద్దది, 6 చిన్నది కాబట్టి 1/6 కంటే 1/8 పెద్దదనుకుంటారు. అది తెలివితక్కువతనం కాదు, పూర్ణ సంఖ్యలు నేర్పిన అలవాటు. భాగాలు పెరిగేకొద్దీ ఒక్కో భాగం చిన్నదవుతుందని బొమ్మ చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఒక పొడవాటి పట్టీని మూడు సమాన భాగాలు చేసి, రెండింటికి రంగు వేయించు. అది 2/3. ఇప్పుడు ప్రతి భాగాన్నీ గీతలతో మళ్లీ ఆరేసి ముక్కలు చెయ్యమను. మొత్తం 18 ముక్కలు, రంగున్నవి 12. పేరు 12/18గా మారింది గానీ రంగు పడిన చోటు మారలేదు కదా! ఆ కొత్త గీతలను చెరిపేస్తే మళ్లీ 2/3 వస్తుంది. సూక్ష్మీకరణ అంటే ఆ చెరపడమే. సూక్ష్మీకరిస్తే భిన్నం చిన్నదైపోతుందని ఎందరో అనుకుంటారు. నీ పాఠం మొత్తంలో ఈ ఒక్క అపోహ పోగొట్టినా నేను సంతోషిస్తాను.

బొమ్మ కుదిరాక అంకెలకు రా. 12/18 అంటే (2×6)/(3×6). అందులో 6/6 అంటే ఒకటి, దేన్నైనా ఒకటితో గుణిస్తే విలువ మారదు. పైనా కిందా ఒకే సంఖ్యతో భాగించడం ఎందుకు చెల్లుతుందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు. మరి పైనా కిందా ఒకే సంఖ్యను తీసివేస్తే? 12లోంచి 6, 18లోంచి 6 తీసేస్తే 6/12, అంటే సగం. 2/3 సగం కాదు. ఈ ప్రశ్న పాఠకుడు అడగకముందే నువ్వే అడుగు.

'కొట్టేయడం' అన్న మాటను ఆఖరి పేజీల దాకా రానివ్వకు. అది ముందొస్తే (3+5)/(3+7)లో రెండు 3లూ కొట్టేసి 5/7 అంటారు. నిజానికది 8/10, అంటే 4/5. కొట్టేయగలిగేది గుణకారంలో ఉన్నదాన్ని, కూడికలో ఉన్నదాన్ని కాదు. సరదాకు ఒకటి చెబుతాను: 16/64లో రెండు 6లూ కొట్టేస్తే 1/4 వస్తుంది, జవాబు సరైనదే! అదే పని 13/34 మీద చేస్తే బోల్తా పడతాం. జవాబు సరిగ్గా వచ్చినంత మాత్రాన దారి సరైనది కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

గ.సా.భా.కు తొందర లేదు. 12/18ని ముందు 2తో భాగించి 6/9, తర్వాత 3తో భాగించి 2/3 అనడం నిదానమే అయినా తప్పు కాదు. 91/119 లాంటిది ఎదురైనప్పుడు ఆ నిదానం చాలదు, ఏ సంఖ్యతో భాగించాలో తోచదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిపెట్టిన ఉపాయం అక్కడ చెప్పు. 119లోంచి 91 తీసేస్తే 28. 91లోంచి 28ని మూడుసార్లు తీసేస్తే 7. 28ని 7 శేషం లేకుండా భాగిస్తుంది కాబట్టి గ.సా.భా. 7, జవాబు 13/17. అవసరం పుట్టాక వచ్చిన పద్ధతి గుర్తుంటుంది.

ఎక్కడ ఆగాలో కూడా రాయి. లవానికీ హారానికీ 1 తప్ప సామాన్య కారణాంకం లేనప్పుడు ఆగాలి. వాటిలో ఒకటైనా ప్రధాన సంఖ్య కావాలన్న నియమమేమీ లేదు. 8/15లో రెండూ ప్రధాన సంఖ్యలు కావు, అయినా అది సూక్ష్మ రూపమే. 17/51లో 17 ప్రధాన సంఖ్యే, అయినా అది 1/3 అవుతుంది.

ప్రతి భిన్నాన్నీ సూక్ష్మీకరించి తీరాలన్న నీ చివరి వాక్యం మాత్రం తీసేయ్. 1/4కు 5/12 కలపాలంటే 1/4ను 3/12గా పెంచుకోవాలి, అంటే చెరిపిన గీతలు మళ్లీ గీసుకోవాలి. 8/12 వచ్చాక అప్పుడు 2/3 చేసుకోవచ్చు.

అభ్యాసాల పేజీలో అన్నీ సరి సంఖ్యలే ఉన్నాయి, అన్నింటినీ 2తో భాగించేసి చేతులు దులుపుకుంటారు. 17/51, 8/15, 91/119, 18/6 వంటివి కలిపి మళ్లీ పంపు. మిశ్రమ భిన్నాల అధ్యాయం ఆ తర్వాత చూద్దాం.

శుభాభిలాషి