ఆయతులు రాసిన కాగితాలు పాత పేపర్లలో పోయాయి, కలం ముట్టొద్దంటున్నారు

ప్రశ్న: మాది విశాఖ వన్‌టౌన్. బీకాం ఆఖరి ఏడాది చదువుతున్నాను. అరబీ ఖత్తాతీ, అంటే అందంగా అక్షరాలు రాసే కళ, నాకు ప్రాణం. ఊళ్లో ఉస్తాద్ దొరక్క వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. పోయిన నెల నేను ఆయతులు (ఖురాన్ వాక్యాలు) రాసి పక్కన పడేసిన కాగితాల్ని అమ్మీ తెలియక పాత పేపర్లవాడికి వేసేసింది. దాదీ ఏడ్చింది. అబ్బాకు పూర్ణా మార్కెట్‌లో దుకాణం ఉంది. ఆయన నా కలాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. "అల్లాహ్ మాట అమ్ముకు తింటావా? సంబంధాలు చూస్తున్నాం, ఇక చాలు" అంటున్నారు. రాత్రి రెండింటి దాకా రాసి కాలేజీ ఎగ్గొట్టిన మాట నిజమే. కానీ ఇది వదిలి ఉండలేను.

జవాబు: మీ ఇంట్లో గొడవ కాగితాల దగ్గర మొదలైంది. అది తేలితేగానీ డబ్బు, పెళ్లి మాటలు కదలవు. తప్పు అమ్మీ మీదికి నెట్టకండి. ఆయతు ఉన్న కాగితాన్ని మామూలు కాగితాల్లో కలిపింది మీరు. దాదీ పక్కన కూర్చుని ఆ ముక్క ఒప్పుకోండి, సంజాయిషీలు వద్దు. కొత్త కలాలు దొంగచాటుగా కొనకండి. బీరువాలోంచి ఒక్క కలం ఇమ్మని అబ్బానే అడగండి. దేనికి అంటే తఖ్తీకి, అంటే రాత సాధన చేసే పలకకి అని చెప్పండి.

అసలు నేర్చుకునే దశలో ఆయతుల జోలికి పోనక్కర్లేదు. ముందు ముఫ్రదాత్, అంటే విడి అక్షరాలు. ఆ తర్వాత ముర‌క్కబాత్, అక్షరాల జోడింపు. వీడియోలు చూసేవాళ్లు ఈ రెండూ దాటేసి నేరుగా బిస్మిల్లాహ్ మీద పడతారు, అందుకే ఏడాదైనా మొదటి అక్షరం అలిఫ్ కూడా నిలబడదు. కలం మొనతో పెట్టిన చుక్కే కొలత. సులుస్, నస్ఖ్ అని రెండు రాత శైలులున్నాయి: సులుస్ అలిఫ్ ఏడు చుక్కలు, నస్ఖ్ అలిఫ్ ఐదు. అబ్బాసీ వజీరు ఇబ్న్ ముఖ్లా (మరణం 940) పేరుతో వచ్చిన లెక్క ఇది. సులుస్ సాధనకు మొన రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు.

తఖ్తీ అంటే దాదీకి తెలిసే ఉంటుంది. నున్నగా రుద్దిన చెక్క పలక మీద ముల్తానీ మట్టి నీళ్లలో కలిపి పూసి, ఆరాక రాయాలి. కడిగి మళ్లీ పూసుకోవచ్చు. దీపపు మసి, తుమ్మ బంక కలిపిన సిరా అయితే నీళ్లకు పోతుంది. స్టేషనరీ షాపులో అమ్మే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్ పోదు, పైగా కలం చీలికలో ఎండి దాన్ని మూసేస్తుంది. విశాఖ సముద్రపు గాలికి ఇంకో చిక్కుంది. మట్టి పూత పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చెమ్మ ఉంటుంది, కలం ఆనించగానే సిరా అంచులు పాకుతాయి. మందంగా పూయకండి. పల్చటి పూత ఒక్కటే వేసి ఫ్యాను కింద ఒక పూటంతా వదిలేయండి. కడిగిన నీళ్లు మురుక్కాలవలో కాకుండా మొక్క మొదట్లో పోయండి. దాదీ చూసేలా పోసినా ఫర్వాలేదు.

ఆయతు రాయక తప్పని కాగితాలకు మూతున్న డబ్బా ఒకటి విడిగా పెట్టి, ఇంట్లో అందరికీ చూపించండి. నిండాక ఇమామ్‌సాబ్‌ను అడిగి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టించండి.

రాత్రి రెండింటి దాకా రాయడం మాత్రం మానాల్సిందే. అలసిన చేయి వంకర గీతనే అలవాటు చేసుకుంటుంది. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత గంట చాలు. హాజరు తగ్గి పరీక్ష పోయిందంటే, అబ్బా చేతికి మీరే రెండో తాళం ఇచ్చినట్టు.

ఇక "అమ్ముకు తినడం". ఇది దీనీ మసలా, మతానికి సంబంధించిన ప్రశ్న. మీరు మొబైల్లో చూసిన జవాబు ఆయన ముందు పెట్టకండి, ఇద్దరూ కలిసి ఒక ఆలిమ్ (మత పండితుడు) దగ్గరికి వెళ్లండి. ముస్‌హఫ్‌లు (ఖురాన్ ప్రతులు) రాసిన కాతిబ్‌లు, అంటే రాతగాళ్లు, తరతరాలుగా కూలి తీసుకునే రాశారు. 604 పేజీల మదీనా ముస్‌హఫ్ రాసిన ఉస్మాన్ తాహా వృత్తి కూడా రాతే. ఆడపిల్లకెందుకు అని దాదీ అంటే ఇస్తాంబుల్ ఖత్తాతీ కళాకారిణి ఎస్మా ఇబ్రత్ హనుమ్ గురించి చెప్పండి. 18వ శతాబ్ది చివర్లోనే ఆమె ఇజాజత్ (ఉస్తాద్ ఇచ్చే అనుమతి పత్రం) పొందింది.

అబ్బా వ్యాపారస్తుడు. ఏడుపుకంటే ఖాతా పుస్తకం తొందరగా ఎక్కుతుంది. ఒక ఆర్డరు లెక్క రాసి చూపించండి. మాటవరసకు కాగితం, ఫ్రేము 700, ఎనిమిది గంటల పని గంటకు 150 చొప్పున 1,200, మొత్తం 1,900. సగం ముందే తీసుకోవాలి. ధర మీ గంటలకు, సామానుకు అని రసీదులోనే రాయండి. మొదట్లో శుభలేఖల మీద పేర్లు, దుకాణం బోర్డులు ఒప్పుకోండి. వాటిలో ఆయతు లేదు కాబట్టి ఇంట్లో పేచీ ఉండదు.

ఆయతు రాసివ్వాల్సి వస్తే హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం చేసినవారు) చూడకుండా గడప దాటనివ్వకండి. పెన్సిల్‌తో రాశాక ఒకసారి, హరకాత్ (అచ్చు గుర్తులు) పెట్టాక మరోసారి చూపించాలి. చుక్క జారితే అర్థమే మారుతుంది. ఖురాన్ అధ్యాయం సూరా రహ్మాన్‌లో ఒకే ఆయతు 31 సార్లు వస్తుంది. ఒక చోటినుంచి చూసి రాస్తూ కన్ను ఇంకో చోటికి దూకి, మధ్య వరుస ఎగిరిపోతుంది. మదీనా ప్రతికీ మన దేశంలో అచ్చయ్యే ప్రతికీ గుర్తులు తేడా. ఏదో ఒక్కటే ముందు పెట్టుకుని రాయండి.

పెళ్లి విషయంలో అబ్బాతో మీరు నేరుగా తలపడొద్దు. మీ మామూ (మేనమామ) ద్వారా రెండు మాటలు చెప్పించండి: పరీక్షలయ్యేదాకా ఆగాలని, వచ్చే సంబంధం వాళ్లకు ఈ పని సంగతి ముందే చెప్పాలని. వాళ్లకు తఖ్తీ, ఆర్డర్ల పుస్తకం రెండూ చూపించండి. "పెళ్లయ్యాక చూద్దాంలే" అన్న జవాబును ఒప్పుకోలుగా లెక్కేసుకోకండి. రోజుకు గంట, గదిలో ఒక మూల ఇస్తారా అని అబ్బాయినే అడగమని మామూను మళ్లీ పంపండి.