రొమాంటిక్ కామెడీలు ప్రేమ గురించి మనకు ఏమి చెబుతున్నాయి?

ఈ చిత్రాలు పదేపదే చెప్పే మాటల్లో మొదటిది, మన కోసమే పుట్టిన మనిషి ఒకరు ఎక్కడో ఉంటారని, వారు ఎదురైతే మిగిలినదంతా దానంతటదే కుదురుతుందని. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ నీ (Raymond Knee) 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా ‘రాసిపెట్టి ఉంది’ అన్న నమ్మకాన్ని, బంధం కృషితో ఎదుగుతుందన్న నమ్మకాన్ని వేరువేరుగా పరిశీలించారు. మొదటి నమ్మకం బలంగా ఉన్నవారి విషయంలో బంధం ఎంతకాలం నిలుస్తుందన్నది తొలినాళ్ల సంతృప్తిపైనే ఎక్కువగా ఆధారపడింది. చిన్న అసంతృప్తిని కూడా ‘ఈ మనిషి నాకు తగినవారు కారు’ అనడానికి సూచనగా భావించే ప్రమాదం ఇందులో ఉంది.

నన్ను మరింత కలవరపెట్టేది రెండవ సందేశం: కాదన్న మనిషిని వదలకుండా వెంటపడటమే నిజమైన ప్రేమకు రుజువని చూపడం. పరిశోధకురాలు జూలియా లిప్‌మన్ అధ్యయనంలో, అలా వెంటపడటాన్ని భయానకంగా చూపిన చిత్రం చూసిన స్త్రీలలో వేధింపులను తేలిక చేసే అపోహలు తక్కువగా కనిపించగా, దానినే ముచ్చటగా చూపిన చిత్రాన్ని వాస్తవికమని భావించినవారిలో అవి ఎక్కువగా కనిపించాయి. నిరాకరణను గౌరవించిన ప్రేమికుడికి కథలో గెలుపు దక్కకపోవడమే ఇక్కడి అసలు లోపమని నా అభిప్రాయం.

అపార్థాలన్నీ అందరి ముందు చేసే ఒక్క క్షమాపణతో తొలగిపోతాయన్న భావన కూడా వీటిలో తరచుగా వినిపిస్తుంది. అయితే మంచి చిత్రాలు, కలిసి నవ్వుకోగలగడం, ఎదుటివారి లోపాలతో సహా వారిని ఇష్టపడగలగడం ఎంత విలువైనవో కూడా చూపుతాయి.