ఆకాకర తీగ నిండా పూలే, పిందె ఒక్కటీ లేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా తాడికొండ మండలం. విజయవాడ రైతుబజారులో ఆకాకర ధర చూసి ఆశపడి, పండిన కాయలు సంపాదించి గింజలు నాటాను. ఆరు పాదులు పందిరెక్కాయి. నాలుగు తీగలకు విరగపూత, పిందె మాత్రం లేదు. రెండు ఇంకా పూతకే రాలేదు. షాపులో ఇచ్చిన పూత మందు రెండుసార్లు కొట్టాను. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మందు ఆపేయండి, డబ్బు దండగ. మీ తీగకు జబ్బేమీ లేదండీ. ఆకాకరలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు, మన పాత నాటు బొప్పాయిలో మగ చెట్టు వేరుగా ఉన్నట్టే. మగ తీగకు ఎన్ని మందులు కొట్టినా కాయ రాదు. గింజ నాటినప్పుడు ఏది ఏదవుతుందో పూత వచ్చేదాకా తెలియదు, మీ నాలుగూ మగవే అయి ఉండొచ్చు.

తేల్చుకోవడం తేలికే. సాయంత్రం పందిరి కిందకెళ్లి ఒక పువ్వు వెనక్కి తిప్పి చూడండి. ఆడ పువ్వయితే రేకుల కిందే మెత్తటి ముళ్లతో బుల్లి ఆకాకరకాయ లాంటిది అప్పటికే ఉంటుంది. మగ పువ్వుకు అదేమీ ఉండదు, సన్నటి కాడ, పువ్వు మొదట్లో దొప్పలా కప్పిన చిన్న ఆకు, అంతే. పూతకు రాని ఆ రెండు తీగల్ని మాత్రం తొందరపడి పీకొద్దు, వాటిలో ఆడది ఉండే అవకాశం ఉంది.

ఆడ పూలు ఉండి కూడా పిందె పసుపెక్కి రాలిపోతుంటే అది పరాగం అందకపోవడం. ఈ పూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి, రాత్రి తిరిగే పురుగులే పుప్పొడి మోస్తాయి. అడవిలో ఆ పని దానంతటదే జరుగుతుంది గానీ, చుట్టూ పత్తి, మిరపకు మందులు కొట్టే మన ఊళ్లలో అంత నమ్మకం పెట్టుకోలేం. కాబట్టి అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఆరు పాదులే కదా, పిల్లలైనా చేసేస్తారు. ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉంటే చాలు.

అన్నీ మగవని తేలితే ఈ ఏడాదికి కాయ మీద ఆశ వదులుకోండి. వచ్చే ఏడాదికి గింజ జోలికి పోకుండా, కాయ కాసిన ఆడ తీగ దుంపలే అడిగి తెచ్చుకోండి (కాయ కళ్లారా చూశాకే డబ్బివ్వండి). చలికాలంలో తీగ ఎండిపోతే చచ్చిపోయిందనుకుని దున్నేస్తారు చాలామంది, దుంప కింద బతికే ఉండి మళ్లీ వానలకు మొలుస్తుంది. రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఇందిరా కంకోడ-1 అనే రకం ఉంది, మీ ఉద్యానశాఖ అధికారిని అడిగి చూడండి. మీది నల్లరేగడైతే దుంపలు ఎత్తు బోదెల మీదే పెట్టండి, రెండు మీటర్ల ఎడంతో. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి.

పిందెలు మొదలయ్యాక పండు ఈగ వస్తుంది. దాన్ని పట్టే ఎర బుట్టలు కొనేటప్పుడు, లోపల పెట్టే ఎర క్యూ లూర్ కావాలని అడగండి, మామిడికి పెట్టే మిథైల్ యూజినాల్ అంటగడితే తీసుకోవద్దు, తీగజాతి కూరగాయల ఈగ దానికి రాదు.