జపనీస్ సొంతంగా నేర్చుకుంటుంటే ముందుకు పోతున్నామో లేదో ఎట్టా తెలుస్తుంది?

ఆరు నెలల నుంచి ఇంట్లోనే జపనీస్ చదువుతున్నా, రోజూ గంట కూర్చుంటున్నా, అయినా ఏమన్నా వచ్చిందో లేదో తెలియట్లేదు, ప్రోగ్రెస్ ఎలా చూసుకోవాలి అని ఒంగోలు నుంచి అడిగారు కదా. నేనూ అదే గోతిలో పడి లేచినవాణ్ణే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదటి ఏడాది నా లెక్కంతా ఒక యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చదివామో చూపించే నిప్పు బొమ్మ. 212 రోజులు ఒక్క రోజు కూడా తప్పలేదు, ఇంట్లో అందరికీ చూపించుకున్నా. డిసెంబరులో చెన్నై వెళ్లి జేఎల్‌పీటీ, అదే జపనీస్ భాషా పరీక్ష, అందులో అన్నిటికన్నా కింది స్థాయి ఎన్5 రాస్తే 180కి 101 వచ్చాయి. పాస్ మార్కు 80. అయినా ఫెయిల్! ఎందుకంటే మొత్తం ఒక్కటే చాలదు, పదాలు, గ్రామర్, రీడింగ్ కలిపి 120కి కనీసం 38, లిజనింగ్‌లో 60కి కనీసం 19 రావాలి, నాకు లిజనింగ్‌లో 17. ఆడియో ఒక్కసారే వేస్తారు, మొదటి ముక్క అర్థం చేసుకునే లోపు రెండోది అయిపోయేది. యాప్‌లో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నొక్కి వినే అలవాటు మరి.

మాది కావలి దగ్గర ఊరు, రొయ్యల గుంటలున్నాయి, నాన్న చెప్తుంటే లెక్కల పుస్తకం రాసేది నేనే. ఏ పూట ఎంత మేత వేశామో ఒక వైపు రాస్తాం. పది రోజులకోసారి వల విసిరి పడ్డవాటిని తూకం వేసి, కిలోకి ఎన్ని తూగాయో, అదే కౌంటు, ఇంకో వైపు రాస్తాం. మేత బాగా పోసినా కౌంటు కదలకపోతే ఏదో తేడా ఉందని ఆ రెండో వైపు చూస్తేనే తెలుస్తుంది. ఫలితం వచ్చిన వారం ఆ పుస్తకం రాస్తుంటే సిగ్గేసింది, జపనీస్‌కి నేను మేత లెక్క తప్ప ఇంకేం రాయలేదు.

అప్పుడే ఒక నోటుబుక్ కొన్నా. ఎడమ పేజీలో ఎంతసేపు చదివానో ఒక్క ముక్క. కుడి పేజీ ఆదివారం మాత్రమే. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్లు తేలిక జపనీస్‌లో ఇచ్చే వార్తల్లో కొత్తది ఒకటి తీసుకుని, డిక్షనరీ ముట్టకుండా చదివి, తెలియని పదాలెన్నో లెక్కపెడతా. మొదటి ఆదివారం 43, విసుగొచ్చి మధ్యలో ఆపేశా. నాలుగు నెలలకి ఇరవై దరిదాపులకి వచ్చింది, అదీ నేరుగా తగ్గలేదు, భూకంపం వార్త వచ్చిన వారం మళ్లీ పెరిగింది. ఒక్క వారం అంకె చూసి టెన్షన్ పడకండి, నెలకోసారి వెనక్కి తిప్పి చూడండి.

లిజనింగ్‌కి వేరే పద్ధతి. నిమిషం ఆడియో ఒక్కసారే విని, అర్థమైంది తెలుగులో రాస్తా, తర్వాత స్క్రిప్టుతో పోల్చుకుంటా. తెలుగులోనే అని ఎందుకంటున్నానంటే, ఇంగ్లీషు మీదుగా పోతే మనకి రెండు పనులు. తబెతె మిరు అంటే తిని చూడు, కత్తె ఒకు అంటే కొని పెట్టు, ఇకు తొ ఇత్త అంటే వెళ్తానని అన్నాడు, మాటల వరస కూడా మనదే! ఇంగ్లీషు పుస్తకంలో వీటికి పేజీలు పేజీలు వివరణ ఉంటుంది. ఒజిసాన్ అంటే మామయ్య, ఒజీసాన్ అంటే తాత, ఆ దీర్ఘం తేడా మన చెవి ఇట్టే పట్టుకుంటుంది. పదాలు మర్చిపోకుండా తిప్పి తిప్పి అడిగే ఆంకీ యాప్‌లో నా కార్డుల వెనక ఇప్పుడు అన్నీ తెలుగు అర్థాలే.

ఆంకీ గురించి ఒక మాట. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు కట్టాలి. అందులో రోజుకి 20 కొత్త కార్డులు అని ముందే పెట్టి ఉంటుంది, ఉద్యోగమో ఇంటి పనో ఉన్నవాళ్లకి అది ఎక్కువే. మా గుంటల్లో రొయ్యలు పట్టిన వారం తెరవలేదు, తర్వాత చూస్తే 600 పైగా పేరుకుపోయాయి. రోజుకి కొత్తవి 7కి తగ్గించాక గాడిలో పడింది. కార్డులు ఎన్ని ఉన్నాయన్నది పట్టించుకోకండి, గణాంకాల పేజీలో పాత కార్డులకి సరైన జవాబు శాతం చూడండి, అది పడిపోతుంటే కొత్తవి ఆపేయండి.

కాంజీ, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు, వాటి లెక్క కూడా అంతే. రోజువారీ వాడుకకి అక్కడి ప్రభుత్వం పెట్టిన జోయో కాంజీ 2,136 అని కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నా, రోజూ చూసి నీరసం తప్ప ఏం లేదు, పీకేశా. విడిగా కాంజీ గుర్తుపట్టడం కాదు, దాంతో ఉన్న పదాన్ని వాక్యంలో చదవగలిగితేనే టిక్కు పెడుతున్నా.

మాట్లాడటం, రాయడం జేఎల్‌పీటీలో అసలు లేవు, అన్నీ బిట్లే. కాబట్టి సర్టిఫికెట్ చూసి మాట్లాడటం కూడా వచ్చిందనుకోవద్దు. నెల మొదటి తారీఖున ఫోన్‌లో ఒక నిమిషం నా గురించి, ఆ నెలలో జరిగినవాటి గురించి మాట్లాడి రికార్డు చేస్తా. మొదటిదాంట్లో పేరు, ఊరు చెప్పాక మిగతాదంతా 'ఎతో... ఎతో...', మన 'అంటే... అంటే...' లాగా. మా చెల్లెలు దాన్ని ఇప్పటికీ పెట్టి నవ్వుతుంది.

రెండోసారి జూలైలో రాశా, లిజనింగ్ 34, పాసయ్యా. ఇప్పుడు దాని పై స్థాయి ఎన్4కి చదువుతున్నా, దానికి 90 కావాలి, భాగాల కనీస మార్కులు మాత్రం ఎన్5వే. మీరూ రాసేట్టయితే అప్లికేషన్ నెలల ముందే మూసేస్తారు, తేదీ చూసుకోండి. ఇంకోటి, పరీక్ష రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోదాంలే అనుకోకండి, అది చెన్నై చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, ముందు రోజే వెళ్లి ఉండండి.